చౌడు నేలల్లో అపరాలకు అండ: వేరు శిలీంధ్రాలు

నేలలో బతికే కొన్ని శిలీంధ్రాలు మొక్కల వేళ్లలో చేరి, ఉప్పు తాకిడిని పైరు తట్టుకునేలా చేస్తాయి. పప్పుజాతి పైర్లలో ఈ మేలు మరీ బాగా కనిపిస్తుంది. వీటిలో పెద్దపీట ఆర్బస్క్యులర్ మైకోరైజా శిలీంధ్రాలది. మన రైతులకూ, జీవన ఎరువులు అమ్మే దుకాణాలకూ ఇవి 'వ్యామ్' పేరుతో పరిచయం. థార్ ఎడారి మట్టిలో దొరికిన సెరెండిపిటా ఇండికా, విత్తనశుద్ధికి వాడే ట్రైకోడెర్మా జాతులు ఆ తర్వాతి వరసలో వస్తాయి. ఇవేవీ నేలలోని ఉప్పును తీసెయ్యవు. ఉప్పు ఉన్నచోటే మొక్క నీళ్లు తాగగలిగేలా, భాస్వరం అందుకునేలా, వేరు బుడిపెలు తొందరగా చచ్చిపోకుండా చూస్తాయి. ఈ తేడా తెలియకనే ఒకరు వీటిని సంజీవని అనుకుంటారు, ఇంకొకరు ఒకసారి వేసి చూసి లాభం లేదని పక్కన పడేస్తారు.

చౌడు, దాని కొలత

తెలుగు రైతు చౌడును రెండుగా చూస్తాడు. ఎండాకాలంలో నేల మీద తెల్లటి పొడి పేరుకునేది పాలచౌడు. తడిస్తే జిగటగా జారుతూ, ఎండితే రాయిలా బిగిసిపోయి, పైన నల్లటి పొర తేలేది కారుచౌడు. కంటితో చేసిన ఈ విభజన శాస్త్రం చెప్పే దానితో చక్కగా సరిపోతుంది. అమెరికా లవణ నేలల ప్రయోగశాల 1954లో వెలువరించిన 60వ నంబరు చేతిపుస్తకం ప్రకారం, నేల ద్రవపు విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసిసైమన్లు దాటి, ఉదజని సూచిక 8.5 లోపు ఉంటే అది పాలచౌడు. మట్టి రేణువులు పట్టుకున్న ధన అయాన్లలో సోడియం వాటా 15 శాతం మించి, ఉదజని సూచిక 8.5 దాటితే అది కారుచౌడు. భారతదేశంలో రెండూ కలిపి సుమారు 67 లక్షల హెక్టార్లు. ఇందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 2.7 లక్షల హెక్టార్లు. ప్రపంచం మొత్తం మీద దాదాపు 140 కోట్ల హెక్టార్లకు ఉప్పు బెడద ఉందని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024లో లెక్కగట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. పైన చెప్పిన 4 డెసిసైమన్ల హద్దు, మట్టిని నీళ్లతో ముద్దగా కలిపి ఆ ముద్దలోంచి లాగిన ద్రవానికి కట్టినది. మన భూసార పరీక్ష కేంద్రాలు మామూలుగా ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తాయి. నీళ్లు ఎక్కువ కాబట్టి ఉప్పు పలచబడి అంకె చిన్నదిగా వస్తుంది. పరీక్ష పత్రంలో 1.5 అని చూసి, నాలుగుకు ఇంకా ఎంతో దూరం ఉందని ధీమాపడిన పొలం నిజానికి పెసరకు పనికిరానంత ఉప్పగా ఉండవచ్చు. ఏ పద్ధతిలో కొలిచారో అడగకుండా ఆ అంకెను నమ్మకూడదు.

ఏ పైరు ఎంత ఉప్పు దాకా ఓర్చుకుంటుందో చెప్పే పట్టికను మాస్, హాఫ్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1977లో తయారుచేశారు. తర్వాతివారు దాన్ని పెంచుకుంటూ వచ్చారు. అందులో ఫ్రెంచి చిక్కుడుకు హద్దు 1.0, పెసరకు 1.8, వేరుశనగకు 3.2, అలసందకు 4.9, సోయాచిక్కుడుకు 5.0. హద్దు ఒక్కటే చూస్తే చాలదు, అది దాటాక పంట ఎంత వేగంగా పడిపోతుందో కూడా చూడాలి. వేరుశనగ 3.2 దాకా నిబ్బరంగా ఉంటుంది, అక్కడినుంచి ఒక్కో డెసిసైమన్‌కు 29 శాతం చొప్పున దిగుబడి కోల్పోతుంది. 5 చేరేసరికి సగం పంట పోయినట్టే. శనగ, కంది కూడా ఉప్పు దగ్గర నాజూకైన పైర్లే.

పప్పుజాతికి మూడో దెబ్బ

ఉప్పు ఏ మొక్కనైనా రెండు విధాల కొడుతుంది. మొదటిది దాహం. నేలనీటిలో లవణం పెరిగితే వేరు ఆ నీటిని లాగలేదు. కాలి కింద మట్టి తడిగానే ఉంటుంది, ఆకు మాత్రం మధ్యాహ్నానికే వాడిపోతుంది. రెండోది విషం. సోడియం, క్లోరైడ్ ఆకుల్లో పేరుకుంటాయి. పొటాషియం ఉండాల్సిన చోట సోడియం చేరి కణంలో పనులు సాగనివ్వదు. ముదురాకుల అంచులు మాడడం దానికి గుర్తు.

పప్పుజాతికి వీటి మీద మూడో దెబ్బ తగులుతుంది. దాని నత్రజనిలో ఎక్కువ భాగం వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా నుంచి రావాలి. రైజోబియం విడిగా ఉన్నప్పుడు ఉప్పును బాగానే తట్టుకుంటుంది, చాలాసార్లు మొక్క కంటే ఎక్కువగానే. చెడిపోయేది ఆ ఇద్దరి మధ్య బంధం. మూలకేశం వంకీ తిరిగి బ్యాక్టీరియాను లోపలికి తీసుకోవడమనే తొలి ఘట్టమే ఉప్పులో సరిగా జరగదు. ఏర్పడిన బుడిపెలు కూడా చిన్నవిగా ఉండిపోయి తొందరగా ముసలివవుతాయి. అందుకే బుడిపెల మీదే ఆధారపడ్డ పప్పుజాతి మొక్క, సంచిలోని యూరియాతో పెరిగే అదే మొక్క కంటే ఉప్పుకు ముందు లొంగుతుంది.

ఇది పొలంలో కంటితో చూడదగ్గ విషయం. పూత దశలో మినుము మొక్కను పెరకకుండా, పారతో మట్టిపెళ్లతో సహా లేపి బకెట్టు నీళ్లలో ఉంచితే మట్టి దానంతటదే కరిగి వేళ్లు తేలతాయి. పెరికితే బుడిపెలు నేలలోనే రాలిపోతాయి. ఆవగింజ నుంచి మిరియం గింజంత ఉన్న బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్న బుడిపె. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని ఎర్రటి పదార్థానికి దగ్గరి బంధువు. పొలంలో చౌడు మచ్చ ఉన్నచోట ఇదే పని చేస్తే బుడిపెలు తక్కువ కనిపిస్తాయి. చీలిస్తే ఆకుపచ్చగానో, మట్టిరంగులోనో ఉంటాయి. వాటిలో నత్రజని తయారీ ఆగిపోయింది.

బుడిపె నడవడానికి భాస్వరం కావాలి. ఒక నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చుపెడుతుంది. ఏటీపీ అంటే కణాల్లో శక్తిని మోసే పదార్థం, అందులో భాస్వరం ఉంటుంది. భాస్వరం నేలలో కదలదు, వేరే దాని దగ్గరికి వెళ్లాలి. ఉప్పులో వేరు పొట్టిదై, మూలకేశాలు తగ్గినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. శిలీంధ్రం అక్కరకొచ్చేది సరిగ్గా ఈ చోటే.

ఒకటే గుమ్మం, ఇద్దరు చుట్టాలు

వేరూ శిలీంధ్రమూ కలిసి బతికే ఈ ఏర్పాటుకు మైకోరైజా అని పేరుపెట్టినవాడు జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్. 1885లో గ్రీకు భాషలోని శిలీంధ్రం, వేరు అనే రెండు మాటలు కలిపి దాన్ని సృష్టించాడు. ట్రఫుల్ అనే ఖరీదైన భూగర్భ శిలీంధ్రాన్ని సాగుచెయ్యడానికి వీలుంటుందేమో చూడమని ప్రష్యా ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. ఆయన చూసినవి అడవి చెట్ల వేళ్లు. మన పైర్లలో ఉండే ఆర్బస్క్యులర్ రకం వాటికి భిన్నమైనది. అది వేరుకు పైతొడుగులా ఉండదు, నేరుగా కణాల్లోకి దూరుతుంది. అక్కడ చిన్న చెట్టు కొమ్మల్లా చీలిపోతుంది. ఆ కొమ్మల గుబురే ఆర్బస్క్యూల్. ఇచ్చిపుచ్చుకోవడమంతా అక్కడే జరుగుతుంది. గుబురు బతికేది కొద్ది రోజులే. పాతది కరిగిపోతుంటే పక్కన కొత్తది పుడుతుంటుంది.

ఈ స్నేహం మొక్కలు నేల మీదికి వచ్చినప్పటిది. స్కాట్లండ్‌లోని రైనీ గ్రామం దగ్గర దొరికిన 40 కోట్ల 70 లక్షల ఏళ్లనాటి శిలాజాల్లో, ఇంకా నిజమైన వేళ్లు కూడా లేని మొక్కల్లో ఇవే గుబుర్లు కనిపించాయి. రైజోబియంతో బుడిపెల కాపురం ఆ తర్వాత ఎన్నో కోట్ల ఏళ్లకు మొదలైంది. అప్పుడు మొక్క కొత్త దారి తెరవలేదు. శిలీంధ్రాన్ని గుర్తుపట్టి లోపలికి పిలవడానికి వాడే జన్యువుల్లో చాలావాటిని బ్యాక్టీరియాకూ వాడుకుంది. శిలీంధ్రాన్ని రానివ్వని కొన్ని ఉత్పరివర్తక పప్పుజాతి మొక్కల్లో బుడిపెలూ ఏర్పడకపోవడంతో ఈ సంగతి తేలింది. ఇద్దరు చుట్టాలకూ ఒకటే గుమ్మమన్నమాట. పప్పుజాతి మొక్కలో శిలీంధ్రం మేలు బుడిపె దాకా ఎందుకు చేరుతుందో అర్థం కావడానికి ఈ నేపథ్యం అవసరం.

మొక్క శిలీంధ్రాన్ని పిలిచే తీరు 2005లో బయటపడింది. జపాన్ శాస్త్రవేత్తలు లోటస్ జపోనికస్ అనే చిన్న పప్పుజాతి మొక్క వేళ్ల స్రావంలోంచి స్ట్రైగోలాక్టోన్ తెగకు చెందిన ఒక రసాయనాన్ని వేరుచేశారు. అది సోకగానే శిలీంధ్రపు పోగు కొమ్మలు కొమ్మలుగా చీలి వేరును వెతుక్కుంటుంది. భాస్వరం తక్కువైన మొక్క ఈ పిలుపును ఎక్కువ విడుస్తుంది. సూపర్ ఫాస్ఫేట్ దండిగా వేసిన పొలంలో వ్యామ్ పనిచెయ్యకపోవడానికి ఇదొక కారణం, మొక్క పిలవడమే తగ్గిస్తుంది. వచ్చిన చుట్టానికి మొక్క చక్కెరలు పెడుతుంది, కొవ్వులూ పెడుతుంది. ఈ శిలీంధ్రాలకు కొవ్వు ఆమ్లాలను మొదటినుంచీ తయారుచేసుకునే యంత్రాంగం లేదనీ, మొక్కే వాటిని సమకూరుస్తుందనీ 2017లో పలు బృందాలు దాదాపు ఒకేసారి చూపించాయి. వేరు తోడు లేకుండా వీటిని సీసాలో పెంచడం కష్టం కావడానికి ఇదొక కారణం. అందుకే వ్యామ్ తయారీకి ఏదో ఒక బతికున్న వేరు కావాల్సి వస్తుంది.

పప్పుజాతి అంతా శిలీంధ్రాన్ని రానిస్తుందనుకోకూడదు. లూపిన్ మొక్కలు బుడిపెలు కడతాయి గానీ, మైకోరైజాను దాదాపుగా రానివ్వవు. ఆవాలు, క్యాబేజీ కుటుంబం, తోటకూర, పాలకూర కుటుంబం కూడా అంతే. ఈ పైర్లు వేసిన తర్వాతి ఏడాది నేలలో శిలీంధ్రపు విత్తనం తగ్గుతుంది.

ఉప్పులో శిలీంధ్రం చేసే పని

వేరు నుంచి బయటికి పాకే శిలీంధ్రపు పోగు తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. మూలకేశం దూరలేని మట్టి సందుల్లోకి అది వెళ్తుంది, అక్కడ నిలిచిన నీటినీ భాస్వరాన్నీ తెస్తుంది. మామూలు నేలలో ఇది అదనపు సాయం. చౌడులో మాత్రం వేరు దాదాపు చేతులెత్తేసిన స్థితిలో మిగిలిన ఒకే దారి ఇది కావచ్చు.

నీటి సంగతిలో స్పెయిన్‌లోని గ్రనాడాలో ఉన్న జైదీన్ పరిశోధన కేంద్రం చాలా కృషి చేసింది. అక్కడి శాస్త్రవేత్తలు 2007లో ఫ్రెంచి చిక్కుడును నీటి ఎద్దడికి, చలికి, ఉప్పుకు విడివిడిగా గురిచేసి, వేళ్లలోని ఆక్వాపోరిన్ల తీరు గమనించారు. ఆక్వాపోరిన్లు కణపొరలో నీటికి తలుపుల్లాంటి ప్రొటీన్లు. శిలీంధ్రం ఉన్న వేరు ఈ తలుపులను ఒక్కో ఎద్దడికి ఒక్కో రకంగా తెరిచి మూసింది. అన్నిటికీ ఒకే మంత్రం వెయ్యలేదు. ఉప్పు విషయంలో, శిలీంధ్రం లేని మొక్క కంటే ఉన్న మొక్క వేరు నీటిని ఎక్కువగా లాగింది.

సోడియం, పొటాషియం తూకం ఇంకో ముఖ్యమైన సంగతి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో నల్లతుమ్మ మొక్కల మీద జరిగి 2007లో వెలువడిన పరిశోధనలో, శిలీంధ్రం చేరిన మొక్కల వేళ్లలోనూ ఆకుల్లోనూ సోడియంతో పోలిస్తే పొటాషియం పాలు ఎక్కువగా నిలిచింది. నల్లతుమ్మ పప్పుజాతి కుటుంబపు చెట్టే. శిలీంధ్రం స్వయంగా ఏరుకుని తింటుందని చెప్పడానికి వేరే ఆధారమూ ఉంది. ఉప్పులో పెరిగిన పోగులను, సిద్ధబీజాలను ఎక్స్ కిరణాలతో పరిశీలించి 2011లో వెలువరించిన ఒక పరిశోధనలో, అవి పొటాషియం, మెగ్నీషియంలను లోపల పోగుచేసుకుని సోడియం, క్లోరైడ్‌లను చాలావరకు బయటే ఉంచినట్టు తేలింది. మొక్కకు చేరే సరుకు ముందే కొంత జల్లెడ పట్టి వస్తున్నదన్నమాట.

మెంతి మీద హైకామ్ ఎవిలిన్, రూపమ్ కపూర్, భూపీందర్ గిరి ఢిల్లీలో చేసిన పని ఇంకా లోతుకు వెళ్లింది. ఉప్పు పెరిగేకొద్దీ ఆకుకణాల్లో హరితరేణువుల పొరలు ఉబ్బి, చెదిరిపోవడాన్ని వారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. అదే మోతాదు ఉప్పులో శిలీంధ్రం ఉన్న మెంతి మొక్క ఆకులో ఆ నష్టం తక్కువ. ప్రొలీన్ లాంటి రక్షక పదార్థాల లెక్కలు చదవడం కంటే, చెదిరిన పొరనూ నిలిచిన పొరనూ పక్కపక్కన చూడడం ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. ప్రొలీన్ పెరగడం మొక్క తట్టుకుంటోందనడానికీ గుర్తు కావచ్చు, బాధపడుతోందనడానికీ గుర్తు కావచ్చు. కొన్ని పరిశోధనల్లో శిలీంధ్రం దాన్ని పెంచింది, కొన్నింటిలో తగ్గించింది. ఈ ఒక్క కొలత మీద తీర్పు చెప్పే వ్యాసాలను జాగ్రత్తగా చదవాలి.

అన్నిటికంటే విలువైన ఆధారం కంది నుంచి వచ్చింది. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో నీరా గర్గ్ బృందం చాలా ఏళ్లుగా కంది, శనగ మొక్కలను ఉప్పులో పెంచి వేళ్లను పరిశీలిస్తోంది. 2008లో వారు ప్రచురించిన పరిశోధన సూటిగా బుడిపెల ముసలితనం గురించి. ఉప్పు పోసిన కంది మొక్కల్లో బుడిపెలు కాలం తీరకుండానే కరిగిపోయాయి, లెగ్‌హీమోగ్లోబిన్ తగ్గింది. శిలీంధ్రం కూడా ఉన్న మొక్కల్లో ఆ క్షయం నెమ్మదించింది, నత్రజని స్థిరీకరణ మెరుగ్గా సాగింది. అదే బృందం తర్వాతి పనుల్లో ఇంకో సంగతి గమనించింది. ఉప్పును కొంత తట్టుకునే కంది రకానికి శిలీంధ్రం చేసిన మేలు, తట్టుకోలేని రకానికి చేసిన మేలు కంటే ఎక్కువ. సున్నితమైన రకానికి శిలీంధ్రం ఊతకర్ర అవుతుందని ఆశపడేవారికి ఇది నిరాశ కలిగించే ఫలితమే. రకం ఎంపికకు శిలీంధ్రం ప్రత్యామ్నాయం కాదు, ఆ ఎంపిక సరిగా ఉన్నచోటే అది బాగా పనిచేస్తుంది.

అర్జెంటీనాలోని సలాడో నదీ పరీవాహక ప్రాంతం ఇంకో రకం ఉదాహరణ. అక్కడి పచ్చికబయళ్లు ఏటా కొంతకాలం నీట మునుగుతాయి, నేల ఉప్పుగా, సోడియంతో బిగిసి ఉంటుంది. యూరప్ నుంచి వచ్చిన లోటస్ టెన్యూయిస్ అనే పప్పుజాతి పచ్చిమేత అక్కడ స్థిరపడి పశువులకు ఆధారమైంది. దాని వేళ్ల నిండా మైకోరైజా ఉంటుంది. ఆ మొక్కలో ఉప్పును తట్టుకునే రకాన్నీ తట్టుకోలేని రకాన్నీ తీసుకుని అక్కడి శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగంలో రెండింటిలోనూ శిలీంధ్రం పెరుగుదలను, పొటాషియం పాలును మెరుగుపరిచింది. కందితో ఇది పూర్తిగా కలవదు. పైరునుబట్టి, శిలీంధ్రపు రకాన్నిబట్టి ఫలితం మారుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఉప్పు శిలీంధ్రాన్నీ బాధిస్తుంది. సిద్ధబీజాలు ఆలస్యంగా మొలుస్తాయి, పోగు నెమ్మదిగా పాకుతుంది, వేరులో కాపురం తగ్గుతుంది. తీవ్రమైన చౌడులో వ్యామ్ వేసి ఫలితం రాలేదంటే ఆశ్చర్యం లేదు. మధ్యస్థంగా ఉప్పు ఉన్న నేలే దీనికి తగిన చోటు.

ఎడారి శిలీంధ్రం, ట్రైకోడెర్మా

రాజస్థాన్ పశ్చిమ ఎడారిలో సర్కారు తుమ్మ, ఎడారి రేగు పొదల వేళ్ల దగ్గరి మట్టిలోంచి అజిత్ వర్మ బృందం ఒక కొత్త శిలీంధ్రాన్ని వేరుచేసి, 1998లో దానికి పిరిఫార్మోస్పోరా ఇండికా అని పేరుపెట్టింది. బేరిపండు ఆకారపు సిద్ధబీజాలు దాని ప్రత్యేకత. 2016 నుంచి దాన్ని సెరెండిపిటా ఇండికా అంటున్నారు. ఇది మైకోరైజా చేసే మేలు చాలావరకు చేస్తుంది, పైగా వేరు అక్కర్లేకుండా మామూలు పోషక ద్రవంలో పెరుగుతుంది. అంటే తయారీ ఎంతో సులువు. బార్లీలో ఇది ఉప్పును తట్టుకునే శక్తినీ, తెగుళ్లను ఎదుర్కొనే శక్తినీ, దిగుబడినీ పెంచిందని 2005లో చూపించారు. పప్పుజాతి మీదా పని జరుగుతోంది. కోస్తాలో చౌడు పడిన బీళ్ల నిండా అల్లుకునే సర్కారు తుమ్మ వేళ్ల దగ్గరే ఇలాంటిది దొరకడం గమనించదగ్గది. ఉప్పులో బతికే శిలీంధ్రాలను వెతకాలంటే ముందు అక్కడ బతుకుతున్న మొక్కల కాళ్ల దగ్గర వెతకాలి.

ట్రైకోడెర్మా దారి వేరు. ఇది ప్రధానంగా కావలికాడు. ఉప్పుతో నీరసించిన పప్పుజాతి మొక్కకు శనగలో ఎండు తెగులు, వేరుశనగలో మొదలు కుళ్ళు, కాండం కుళ్ళు తొందరగా అంటుకుంటాయి. ట్రైకోడెర్మా ఆ తెగుళ్ల శిలీంధ్రాలను చుట్టేసి తింటుంది, వాటి చోటు ఆక్రమిస్తుంది. ఇది కాక, ఎద్దడిలో మొక్క తనను తాను కుంగదీసుకునే ఇథిలీన్ తయారీకి కావలసిన ముడిపదార్థాన్ని కొన్ని ట్రైకోడెర్మా జాతులు విరగ్గొడతాయి. దానితో వేరు పెరుగుదల ఆగదు. మన జిల్లాల్లో దీన్ని వాడే పద్ధతి అందరికీ తెలిసిందే. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తారు. నేలకైతే 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి నీళ్లు చిలకరించి, నీడలో తడి గోనెపట్టాలు కప్పి వారం పదిరోజులు ఉంచుతారు. ఎరువు కుప్ప మీద తెల్లటి, ఆ తర్వాత ఆకుపచ్చటి బూజు పట్టిందంటే ఎకరాకు చల్లడానికి సిద్ధమైనట్టే. కార్బెండజిమ్ పట్టించిన విత్తనానికి ట్రైకోడెర్మా కలపడం వృథా, ఆ మందు దాన్నీ చంపుతుంది.

మన పొలంలో దీని చోటు

చౌడు బాగుచేతకు శిలీంధ్రం మొదటి మెట్టు కాదు. పాలచౌడుకు మంచినీళ్లు నిలగట్టి ఉప్పును కిందికి దించాలి, ఆ నీళ్లు పోవడానికి మురుగు కాలువ ఉండాలి. కారుచౌడుకు జిప్సం వెయ్యాలి. 1990ల చివర్లో భారత, నెదర్లాండ్స్ ప్రాజెక్టు కింద కోనంకిలో, ప్రకాశం ప్రాంతంలోని ఉప్పుగుండూరులో భూగర్భ మురుగు గొట్టాలు వేసి చూపించింది ఈ మొదటి మెట్టునే. బాపట్లలో చౌడు నేలల పరిశోధన కేంద్రం చాలాకాలంగా ఉంది. జీలుగను పెంచి దుక్కిలో కలియదున్నడం తరతరాలుగా చేస్తున్నదే. జీలుగ కూడా పప్పుజాతిదే, వేళ్లకు మైకోరైజాను రానిచ్చేదే. ఉప్పు కొంత దిగిన తర్వాత, ఇంకా మిగిలిన దానితో పైరు బతకాల్సిన ఆ రెండు మూడేళ్లలోనే శిలీంధ్రానికి అసలైన పని.

కృష్ణా డెల్టాలో వరి మాగాణుల మినుము, పెసర సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, ఇంకా పైరు నిలబడి ఉండగానే విత్తనం చల్లుతారు. దుక్కి ఉండదు, తడి ఉండదు. నేలలో మిగిలిన పదనుతోనే అది గట్టెక్కాలి. మాఘం, ఫాల్గుణంలో పదను తగ్గేకొద్దీ సముద్రతీరపు చేలల్లో కిందినుంచి ఉప్పునీరు పైకి పాకుతుంది, సరిగ్గా పూత, పిందె సమయానికి. ఈ పద్ధతిలో శిలీంధ్రానికి ఒక చిక్కు, ఒక అనుకూలత ఉన్నాయి. నెలల తరబడి నీళ్లు నిలిచిన వరి చేలో గాలి అందక మైకోరైజా బాగా తగ్గిపోతుంది కాబట్టి మినుముకు సహజంగా దొరికేది కొద్దిపాటిదే. అదే సమయంలో, దున్నరు కాబట్టి ఉన్న పోగుల వల తెగకుండా నిలుస్తుంది. ఎకరాకు 5 కిలోల వ్యామ్‌ను సాళ్లలో విత్తనం కింద పడేలా వెయ్యమనే మామూలు సలహా ఇక్కడ కుదరదు, ఎందుకంటే సాలే లేదు. ఈ చేలకు విత్తనానికి పట్టించే రూపమే దారి.

నేలలో శిలీంధ్రం తగ్గితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండ్ రైతులకు అనుభవం. అక్కడ పొలాన్ని ఏడాదికి పైగా బీడుపెట్టిన తర్వాత వేసిన పైరు, నేలలో పదను పుష్కలంగా ఉన్నా గిడసబారేది. బతికున్న వేరు లేక మైకోరైజా నశించడమే కారణమని 1980ల్లో నిరూపించారు. భాస్వరం, జింకు అందకపోవడం ఆ గిడసకు మూలం.

పప్పుజాతి చెట్ల నారులో శిలీంధ్రం ఎక్కువ నమ్మకంగా పనిచేస్తుంది. ఢిల్లీ శాస్త్రవేత్తలు 2004లో అవిసె, ఇంకో జీలుగ జాతి చెట్టు మీద పొలంలోనే చేసిన ప్రయోగంలో, శిలీంధ్రం ఎక్కించిన మొక్కలు ఉప్పు నేలలో సోడియాన్ని తక్కువగా, మెగ్నీషియాన్ని ఎక్కువగా తీసుకున్నాయి. కుండీల ప్రయోగాలు వందల్లో ఉన్న ఈ రంగంలో పొలంలో జరిగిన ఇలాంటి పని విలువ ఎక్కువ. పాలిథిన్ సంచిలోని మంచి మట్టిలో నారు పెరుగుతున్నప్పుడే శిలీంధ్రం వేరులో స్థిరపడిపోతుంది. ఉప్పు నేలలోకి మార్చేసరికి కాపురం కుదిరి ఉంటుంది. నేరుగా చౌడులో విత్తిన పెసర గింజకు ఆ వెసులుబాటు లేదు. దాని వేరు, శిలీంధ్రం రెండూ ఉప్పులోనే ఒకదాన్నొకటి వెతుక్కోవాలి.

సంచిలో ఏముందో చూడటం

బజారులో దొరికే వ్యామ్ నాణ్యత ఈ మొత్తం వ్యవహారంలో బలహీనమైన ముడి. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాము సరుకులో కనీసం 100 బతికున్న ప్రజనకాలు ఉండాలి. ప్రజనకమంటే సిద్ధబీజమైనా, పోగు ముక్కైనా, శిలీంధ్రం చేరిన వేరు తునకైనా సరే. అవి బతికున్నాయో లేదో చేతిలోకి తీసుకుంటే తెలియదు. పలు దేశాల మార్కెట్లలోని సరుకులను పరీక్షించి 2022లో వెలువరించిన ఒక అధ్యయనంలో ఎక్కువ భాగం వేళ్లలో శిలీంధ్రాన్ని నిలపలేకపోయాయి. ఎండలో నిలవచేసిన సంచి ఏ కంపెనీదైనా మట్టితో సమానం.

పరీక్ష మాత్రం కష్టమైనది కాదు, వ్యవసాయ కళాశాల ప్రయోగశాలలో ఒక పూటలో అయ్యేదే. ఆ వ్యామ్ వేసి పెంచిన మొక్క సన్నవేళ్లను కడిగి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేస్తే లోపలి పదార్థం కరిగి వేరు గాజులా తెల్లబడుతుంది. ఆమ్లంతో కడిగి, ట్రిపాన్ బ్లూ రంగులో ముంచి సూక్ష్మదర్శిని కింద పెడతారు. శిలీంధ్రం ఉంటే వేరు పొడవునా నీలిపోగులు, మధ్యమధ్య గుండ్రటి సంచులు, కణాల్లో నీలిగుబుర్లు కనిపిస్తాయి. 1970లో ఫిలిప్స్, హేమన్ చెప్పిన ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

సొంతంగా తయారుచేసుకునే వీలు కూడా ఉంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, అడుగు లోతు గొయ్యి తీసి నల్ల పాలిథిన్ పట్టా పరుస్తారు. అందులో వర్మిక్యులైట్, శుద్ధిచేసిన మట్టి నింపి, పైపొరకు కొద్ది అంగుళాల లోపలే కిలో నాణ్యమైన వ్యామ్ పరిచి మొక్కజొన్న విత్తుతారు. భాస్వరం ఎరువు నామమాత్రంగానే వెయ్యాలి. రెండు నెలలకు మొక్కలను మొదలు దగ్గర కోసేసి, నీళ్లు ఆపి, వేళ్లను సన్నగా తరిగి ఆ మిశ్రమంలోనే కలిపేస్తే 50 కిలోలకు పైగా వ్యామ్ సిద్ధం. చౌడు చేను ఉన్న రైతు మూలపు విత్తనంగా కొన్న సంచితో పాటు, తన చేలోనే పచ్చగా నిలబడ్డ జీలుగ, తుమ్మ మొదళ్ల దగ్గరి వేరుమట్టిని కొద్దిగా విడిగా ఇంకో గొయ్యిలో పెంచి చూడవచ్చు. ఆ మట్టిలోని శిలీంధ్రం ఇప్పటికే ఆ ఉప్పులో బతుకుతోంది. తెగుళ్లు సోకిన మొక్కల దగ్గరి మట్టిని మాత్రం ముట్టుకోకూడదు. రెండు గోతుల సరుకునూ పక్కపక్క సాళ్లలో వేసి, పూతకు వచ్చాక అయిదేసి మొక్కలను పారతో లేపి బుడిపెలు చీల్చి చూస్తే ఏది పనిచేసిందో గులాబీ రంగే చెబుతుంది.